నీళ్లలో దిగి వచ్చాక జ్వరమా? తేదీల లెక్క నుంచి మందు మొదలయ్యే దాకా

ఆ యువకుడు నా దగ్గరికి వచ్చేసరికి జ్వరం నాలుగో రోజు. చేతిలో రెండు ల్యాబ్ కాగితాలున్నాయి. డెంగ్యూ ఎన్‌ఎస్1 నెగెటివ్, ప్లేట్‌లెట్లు 90 వేలు. ఇంట్లో పొద్దున, సాయంత్రం బొప్పాయి ఆకు రసం తాగిస్తున్నారు. హైదరాబాదులో వర్షాకాలం అది. క్లినిక్ వరండాలో కూర్చున్న వాళ్లలో సగం మందికి జ్వరమే. నేనూ డెంగ్యూ అయి ఉంటుందనుకున్నాను, మర్నాడు మళ్లీ సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించుకుని రమ్మన్నాను. మర్నాడు వచ్చినప్పుడు అతని కళ్లు మందారాల్లా ఎర్రబడి ఉన్నాయి. పుసి లేదు, నీరు కారడం లేదు. మెట్లెక్కుతుంటే పిక్కలు పట్టేస్తున్నాయని గోడ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు అడిగాను, ఈ నెలలో ఎక్కడికైనా వెళ్లారా అని. పన్నెండు రోజుల కిందట స్నేహితులతో థాయిలాండ్‌లోని క్రాబీలో ఉన్నాడు. అడవిలో జలపాతం కింద మడుగులో రెండు గంటలు ఈదాడు. రాయి తగిలి మోకాలు గీసుకుపోయింది.

అది లెప్టోస్పైరోసిస్. అప్పటికే కిడ్నీల మీద ప్రభావం మొదలైంది. ఆసుపత్రిలో చేరి, కోలుకుని ఇంటికి వెళ్లాడు. కానీ ఆ ప్రశ్న ముందురోజే అడిగి ఉంటే మందు ఒక రోజు ముందు మొదలయ్యేది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి జ్వరంతో వచ్చే ప్రతి ఒక్కరినీ పేరు, వయసు అడిగిన వెంటనే "నీళ్లలో దిగారా?" అని అడుగుతున్నాను. అయితే జ్వరాల కాలంలో ఓపీలో వంద మంది కూర్చుని ఉన్నప్పుడు అందరు డాక్టర్లకూ అంత తీరిక దొరకదు. వాళ్లు అడగకపోయినా మీరే చెప్పాలి. ఏం చెప్పాలి, రోజులు ఎలా లెక్కపెట్టాలి, ఏ రోజున ఏ పరీక్ష పనికొస్తుంది, ఏ మందు మింగకూడదు అన్నవి ఒక్కొక్కటిగా రాస్తాను.

ముందుగా, ఈ జబ్బు నీళ్లలోకి ఎలా చేరుతుంది

లెప్టోస్పైరోసిస్‌ను మన పత్రికలు ఎలుక జ్వరం అంటాయి. మలయాళంలో ఎలిప్పని అన్నా అర్థం అదే. పేరు ఎలుకదే అయినా కుక్కలు, పందులు, ఆవులు, గేదెలు కూడా ఈ సూక్ష్మజీవిని మోస్తాయి. సన్నగా, స్ప్రింగులా మెలితిరిగి ఉండే ఈ బాక్టీరియా వాటి మూత్రపిండాల్లో కాపురం ఉంటుంది. మోసే ఎలుకకు ఏ బాధా ఉండదు. మూత్రంతో బయటికి వచ్చి తడి మట్టిలోకి, వాగుల్లోకి, మడుగుల్లోకి చేరుతుంది. వెచ్చదనం, తడి ఉంటే అక్కడ వారాల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి బతుకుతుంది. మనం ఆ నీళ్లలో దిగినప్పుడు గీసుకుపోయిన చోటు నుంచి, మడమల పగుళ్ల నుంచి, ఎక్కువసేపు నాని మెత్తబడిన చర్మం నుంచి, కళ్లు, ముక్కు, నోటి లోపలి పొరల నుంచి ఒంట్లోకి వెళుతుంది. ఆ నీళ్లు తాగినా ప్రమాదమే.

1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ అనే వైద్యుడు జ్వరం, కామెర్లు, కిడ్నీల వైఫల్యం కలిసి వచ్చే ఈ జబ్బును వర్ణించాడు. అందుకే దాని తీవ్ర రూపాన్ని ఇప్పటికీ వైల్స్ వ్యాధి అంటారు. కారణమైన సూక్ష్మజీవిని మూడు దశాబ్దాల తర్వాత జపాన్‌లో ఇనాడా, ఈడో బృందం పట్టుకుంది. సూక్ష్మదర్శిని కింద చివర వంగి ప్రశ్నార్థకంలా కనిపిస్తుంది కాబట్టి ఆ జాతికి లెప్టోస్పైరా ఇంటరోగన్స్ అని పేరు. ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి ఈ జబ్బు వస్తోందని, 59 వేల మంది దాకా చనిపోతున్నారని 2015లో ప్రచురించిన ఒక అంచనా చెబుతోంది. వీళ్లలో ఎక్కువమంది పొలాల్లో, మురుగు కాలువల్లో పనిచేసే పేదలు. పర్యాటకులు ఆ లెక్కలో చిన్న భాగమే. కానీ పర్యాటకుడికి వచ్చినప్పుడు అది అతను ఇల్లు చేరాక, వేరే ఊళ్లో, దాని గురించి ఆలోచించని డాక్టర్ ముందు బయటపడుతుంది. చిక్కంతా అక్కడే.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రాదులే అనుకునే వాళ్లకు నేను ఒక పోటీ గురించి చెబుతుంటాను. 2000లో మలేషియాలోని సబా రాష్ట్రంలో ఎకో ఛాలెంజ్ అనే సాహస క్రీడ జరిగింది. 304 మంది క్రీడాకారులు అడవుల్లో నడిచారు, గుహల్లో పాకారు, సెగామా నదిలో ఈదారు. ఇళ్లకు వెళ్లాక ఒకరి తర్వాత ఒకరికి జ్వరాలు మొదలయ్యాయి. పరిశోధకులు వాళ్లలో 189 మందితో మాట్లాడగలిగారు. 80 మందికి లెప్టోస్పైరోసిస్‌కు సరిపోయే జబ్బు వచ్చింది, 29 మంది ఆసుపత్రుల్లో చేరారు. అదృష్టవశాత్తూ ఎవరూ చనిపోలేదు. వాళ్లంతా దృఢమైన శరీరాలున్న వాళ్లే. ఎవరికి జబ్బు వచ్చిందో విడదీసి చూస్తే ప్రధానంగా తేలిన కారణం ఒకటే, నదిలో ఈదడం.

మొదటి అడుగు: తిరిగి వచ్చిన రోజే నీళ్ల చరిత్ర రాసి పెట్టుకోండి

జ్వరం వచ్చాక గుర్తు తెచ్చుకోవడం కష్టం. శంషాబాదులో విమానం దిగి ఇంటికి వెళ్లే దారిలోనే ఫోనులో నాలుగు వాక్యాలు రాసుకోండి. ఏ తేదీన ఏ నీళ్లలో దిగారు, ఎంతసేపు ఉన్నారు, తల ముంచారా, నీళ్లు మింగారా, ఒంటి మీద గాయాలేమైనా ఉన్నాయా అన్నవి చాలు. ఫోటోలు చూస్తే తేదీలు వాటంతటవే దొరుకుతాయి.

అన్ని నీళ్లూ ఒకటి కావు. సముద్రపు ఉప్పునీటిలో ఈ బాక్టీరియా ఎక్కువకాలం నిలవదు. క్లోరిన్ సరిగా కలిపిన ఈతకొలనులోనూ బతకదు. భయపడాల్సింది మంచినీటి వాగులు, నదులు, జలపాతాల కింది మడుగులు, గుహల్లో నిలిచిన నీళ్లు, వరి పొలాల బురద, వాన తర్వాత వీధుల్లో పారే నీళ్లు. బాలిలో ఆయుంగ్ నది మీద రాఫ్టింగ్, క్రాబీ జలపాతాలు, మలేషియా అడవుల్లో ట్రెక్కింగ్, శ్రీలంక పల్లెల్లో వరి పొలాల గట్ల మీద నడక, ఇవన్నీ మనవాళ్లు ఇష్టంగా చేసేవే. దేశం దాటకపోయినా అండమాన్, కేరళ, కొంకణ తీరం ఈ జాబితాలోనే ఉంటాయి. అండమాన్‌లో ఒకప్పుడు అంతుచిక్కని రక్తస్రావ జ్వరంగా భయపెట్టినది చివరికి లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ముంబయిలో 2005 జూలై వరదల తర్వాత, కేరళలో 2018 వరదల తర్వాత ఈ జబ్బు విరుచుకుపడింది.

వానల తర్వాతి రెండు మూడు వారాలు మరీ ప్రమాదం. వాన ఒడ్డున ఉన్న మట్టిని, దానిలోని జంతువుల మూత్రాన్ని కడిగి నీళ్లలోకి తెస్తుంది. మీరు దిగిన రోజుకు ముందు అక్కడ గట్టి వాన పడిందా అన్నది కూడా రాసుకోండి.

ఇంకో మాట. తిరిగి వచ్చాక హైదరాబాదులో మోకాలి లోతు వాననీళ్లలో బండి నెట్టుకుంటూ వచ్చి ఉంటే దాన్ని కూడా ఆ కాగితం మీద చేర్చండి. మన నాలాల పక్కన ఎలుకలకు కొదవ లేదు. 2020 అక్టోబరులో నగరం మునిగినప్పుడు ఎన్ని ఇళ్లలోకి మురుగు వచ్చిందో చూసిన వాళ్లెవరూ ఈ జబ్బు విదేశాల్లోదే అనుకోరు.

రెండో అడుగు: రోజులు లెక్కపెట్టండి

ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి. నీళ్లలో దిగిన రోజుకూ జ్వరం మొదలైన రోజుకూ మధ్య ఎన్ని రోజులున్నాయో చూస్తే సగం జబ్బులు జాబితా నుంచి తప్పుకుంటాయి.

లెప్టోస్పైరోసిస్‌కు ఆ వ్యవధి 2 నుంచి 30 రోజులు. ఎక్కువమందిలో 5 నుంచి 14 రోజుల మధ్య. డెంగ్యూకు 14 రోజులు దాటదు. ప్రాణం తీసే ఫాల్సిపారం మలేరియా కనీసం ఏడు రోజులు తీసుకుంటుంది, సాధారణంగా నెల లోపు బయటపడుతుంది, కొన్నిసార్లు ఇంకా ఆలస్యంగా కూడా వస్తుంది. టైఫాయిడ్ 6 నుంచి 30 రోజులు. పొదల్లోని సన్న పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ 6 నుంచి 21 రోజులు. హెపటైటిస్ ఎ అయితే సుమారు నాలుగు వారాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అక్టోబరు 5న క్రాబీ చేరారు, 6న, 8న మడుగులో దిగారు, 9న ఇల్లు చేరారు, 18న జ్వరం వచ్చింది. నీళ్ల నుంచి లెక్కిస్తే 12 రోజులు, 10 రోజులు. లెప్టోస్పైరోసిస్‌కు సరిగ్గా నడిమధ్య. అక్కడి దోమ కుట్టి ఉంటే డెంగ్యూకు కూడా 9 రోజులు సరిపోతాయి. కాబట్టి రెండూ చూడాలి. అదే జ్వరం నవంబరు 5న మొదలైందనుకోండి. థాయిలాండ్ దోమను వదిలేయవచ్చు, ఇక్కడి దోమను వదలలేం. ఆఖరుసారి నీళ్లలో దిగి 28 రోజులే అయింది కాబట్టి లెప్టోస్పైరోసిస్‌నూ అప్పుడే వదలలేం. డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు "ఈ మధ్య థాయిలాండ్ వెళ్లొచ్చాను" అనడం వేరు, "మడుగులో దిగిన పదో రోజున జ్వరం మొదలైంది" అనడం వేరు. రెండో వాక్యం వినగానే డాక్టర్ రాయబోయే పరీక్షలు మారిపోతాయి.

మూడో అడుగు: మొదటి రెండు రోజులు ఏం చేయాలి, ఏం చేయకూడదు

జ్వరానికి పారాసిటమాల్ సరిపోతుంది. నీళ్లు, ఓఆర్‌ఎస్, గంజి, మజ్జిగ బాగా తీసుకోండి. ఎన్నిసార్లు మూత్రం పోస్తున్నారో, ఏ రంగులో వస్తోందో గమనిస్తూ ఉండండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందుల జోలికి వెళ్లవద్దు. ఒళ్లు నొప్పులు భరించలేక వీధి చివర క్లినిక్‌లో ఒక సూది వేయించుకుని వచ్చే అలవాటు మన దగ్గర చాలా ఉంది. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాకే. ఈ జబ్బు దాడి చేసే చోట్లలో కిడ్నీలు ముఖ్యమైనవి. అలసిన కిడ్నీకి ఆ మందు మరో దెబ్బ. ఒకవేళ అది డెంగ్యూ అయితే రక్తస్రావం ప్రమాదం కూడా పెరుగుతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షన్ అసలే వద్దు. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ మింగడం కూడా వద్దు, ఎందుకంటే ఒక మాత్ర పడినా తర్వాత చేసే రక్త కల్చర్‌లో (రక్తంలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) ఏమీ మొలవకపోవచ్చు.

బొప్పాయి ఆకు రసం గురించి చాలామంది అడుగుతారు. ఈ జబ్బులో ప్లేట్‌లెట్లు తగ్గడం ఒక గుర్తు మాత్రమే, అసలు ప్రమాదం కిడ్నీలు, కాలేయం, ఊపిరితిత్తుల్లో ఉంటుంది. రసం తాగుతూ రోజూ ప్లేట్‌లెట్ల అంకె కోసం ఎదురుచూస్తుంటే విలువైన రోజులు చేజారిపోతాయి.

ఇంట్లో వాళ్లను దూరంగా ఉంచాల్సిన అవసరం లేదు. ఇది మనిషి నుంచి మనిషికి రావడం చాలా అరుదు. మరుగుదొడ్డి వాడాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు.

నాలుగో అడుగు: ఒంట్లో గుర్తులు వెతకండి

అద్దం ముందు నిలబడి కళ్లు చూసుకోండి. పుసి, దురద లేకుండా తెల్లగుడ్డు అంతా ఎర్రబడితే అది చాలా విలువైన గుర్తు. డెంగ్యూలోనూ కళ్లు కొంచెం ఎర్రబడతాయి గానీ, ఇంత స్పష్టంగా ఉండదు. తర్వాత పిక్కలు నొక్కి చూడండి. ఒళ్లంతా నొప్పులున్నా పిక్కల్లో, నడుములో ప్రత్యేకంగా ఓర్చుకోలేనంత నొప్పి ఉంటే డాక్టర్‌కు ఆ మాటే చెప్పండి. ఉన్నట్టుండి వణుకుతో వచ్చే జ్వరం, తీవ్రమైన తలనొప్పి, వాంతులు కూడా ఉంటాయి, కానీ అవి ఏ జ్వరంలోనైనా ఉండేవే.

చంకలు, గజ్జలు, నడుము పట్టీ దగ్గర ఒకసారి వెతకండి. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే స్క్రబ్ టైఫస్ అనుమానించాలి. పాదం మీద ఎర్రటి గీత రోజుకింత చొప్పున పాముతున్నట్టు కదులుతూ విపరీతంగా దురద పెడుతుంటే అది వేరే సంగతి. కుక్కలు, పిల్లులు తిరిగే బీచ్ ఇసుకలోంచి చర్మంలోకి దూరిన కొంకిపురుగు పిల్ల అది. చూడటానికి భయంగా ఉన్నా మాత్రలతో పోతుంది.

మోసపోయే చోటు ఒకటుంది. ఈ జ్వరం కొందరిలో రెండు విడతలుగా వస్తుంది. వారం లోపు తగ్గి, ఒకటి రెండు రోజులు హాయిగా ఉండి, ఆ తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఆ మధ్యలో ఆఫీసుకు వెళ్లిపోతారు. పది మందిలో తొమ్మిది మందికి ఇది తేలికగానే పోతుంది. మిగిలిన వాళ్లకు, కొన్నిసార్లు ఆ రెండో విడతలో, కామెర్లు, కిడ్నీల వైఫల్యం, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం వస్తాయి. జ్వరం తగ్గిందని డాక్టర్ రమ్మన్న రోజు మానేయకండి.

ఐదో అడుగు: డాక్టర్ ముందు పెట్టాల్సిన కాగితం

నీళ్లలో దిగి 30 రోజులు కాకముందే జ్వరం వస్తే రెండో రోజు దాటకుండా డాక్టర్‌ను కలవండి. ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఇలాంటి జ్వరాల కోసమే ఉన్న ప్రభుత్వ ఆసుపత్రి. పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి అనే పిలుస్తారు. దాని అసలు పేరు సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద ఉంది. 1897లో సికింద్రాబాద్‌లో పనిచేస్తూ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టిన రాస్ ఆయనే. కిడ్నీలకు, శ్వాసకు ఇబ్బంది వస్తే డయాలసిస్, వెంటిలేటర్ ఉన్న పెద్ద ఆసుపత్రి కావాలి. గాంధీ, ఉస్మానియా, నిమ్స్ లేదా మీకు దగ్గరలోని పెద్ద ప్రైవేటు ఆసుపత్రి ఏదో ముందే నిర్ణయించుకోండి.

కాగితం ఇలా ఉంటే చాలు: "వయసు 31. అక్టోబరు 5 నుంచి 9 దాకా థాయిలాండ్, క్రాబీ. 6న, 8న అడవి మడుగులో ఈత, ఒక్కోసారి రెండు గంటలు, తల ముంచాను. మోకాలి మీద గాయం. 7న గట్టి వాన. దోమలు కుట్టాయి. జ్వరం 18 సాయంత్రం నుంచి. పిక్కల నొప్పి, కళ్లు ఎరుపు. షుగర్ లేదు. పారాసిటమాల్ తప్ప ఏ మందూ వాడలేదు. నాతో దిగిన ఇంకో ఇద్దరిలో ఒకరికి జ్వరం." ఆ చివరి వాక్యం కోసం స్నేహితులకు ఫోను చేయండి. ఒకే మడుగులో దిగిన ఇద్దరికి జ్వరం వస్తే డాక్టర్‌కు అంతకు మించిన ఆధారం ఉండదు.

షుగర్ ఉన్నవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. ఈశాన్య థాయిలాండ్, మలేషియా లాంటి చోట్ల బురదలో, నీళ్లలో మెలియాయిడోసిస్ కలిగించే మరో బాక్టీరియా ఉంటుంది. అది జంతువుల నుంచి కాదు, మట్టి నుంచి వస్తుంది. షుగర్ రోగుల్ని వెతుక్కుని మరీ పట్టుకుంటుంది. 2010లో మలేషియాలోని పహాంగ్‌లో ఒక విహార స్థలంలో నీళ్లలో మునిగిన వ్యక్తి కోసం గాలించిన వాళ్లలో కొందరికి ఈ జబ్బు, కొందరికి దానితో పాటు లెప్టోస్పైరోసిస్ కూడా వచ్చి ప్రాణాలు పోయాయి. మామూలుగా మన ఆసుపత్రుల్లో వాడే సెఫ్ట్రియాక్సోన్ దీనికి సరిపోదు, మెరోపెనెమ్ లేదా సెఫ్టాజిడైమ్ కావాలి. దీన్ని పట్టించే ప్రధాన పరీక్ష రక్త కల్చర్. షుగర్ రోగికి యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే కల్చర్ తీయమని నేను పట్టుబట్టేది అందుకే.

ఆరో అడుగు: ఏ రోజున ఏ పరీక్ష

మొదటి వరుస పరీక్షలు ఎక్కడైనా అవుతాయి: సీబీపీ, సీయూఈ (మూత్ర పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకు), ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరుకు), మలేరియాకు రక్తపు పూత, డెంగ్యూ ఎన్‌ఎస్1. మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లి ఉంటే ఒక్క పూత నెగెటివ్ వస్తే చాలదు, 12 నుంచి 24 గంటల తేడాతో మూడుసార్లు చూడాలి. వైడాల్ పరీక్ష మీద నాకు నమ్మకం లేదు. అది పాజిటివ్ వచ్చిందని టైఫాయిడ్ ముద్ర వేసి అసలు జబ్బును వదిలేసిన సందర్భాలు చాలా చూశాను. టైఫాయిడ్ అనుమానానికి కూడా రక్త కల్చరే సరైన జవాబు.

కాగితం మీద అంకెలు చేతికి వచ్చాక ఇలా చదవండి. డెంగ్యూలో తెల్ల రక్తకణాలు సాధారణంగా తగ్గుతాయి. లెప్టోస్పైరోసిస్‌లో మామూలుగా ఉంటాయి లేదా పెరుగుతాయి, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎక్కువ ఉంటుంది. ప్లేట్‌లెట్లు రెండింటిలోనూ తగ్గుతాయి, కాబట్టి వాటిని చూసి తేల్చలేం. కామెర్లు ఉన్నప్పుడు బిలిరుబిన్ బాగా పెరిగి, కాలేయపు ఎంజైములైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ మాత్రం రెండు మూడు వందల దగ్గరే ఉంటే లెప్టోస్పైరోసిస్ వైపు చూడాలి. వైరస్ కామెర్లలో ఆ ఎంజైములు వేలల్లోకి వెళతాయి. పిక్కల నొప్పి ఉన్నవాళ్లలో సీపీకే అనే కండరాల ఎంజైము పెరుగుతుంది. క్రియాటినిన్ పెరుగుతూ పొటాషియం తగ్గి ఉండటం మరో ఆనవాలు, ఎందుకంటే ఇతర కిడ్నీ వైఫల్యాల్లో పొటాషియం సాధారణంగా పెరుగుతుంది.

ఇక లెప్టోస్పైరోసిస్ పరీక్ష. జ్వరం మొదటి వారంలో బాక్టీరియా రక్తంలోనే ఉంటుంది కాబట్టి రక్తంలో దాని జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష చేయాలి. యాంటీబయాటిక్ పడకముందే రక్తం తీస్తే మేలు. ఐజీఎం ఎలైజా పరీక్ష యాంటీబాడీలను వెతుకుతుంది, అవి తయారవడానికి ఐదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మూడో రోజున ఐజీఎం నెగెటివ్ వచ్చిందని సంబరపడటం పెద్ద పొరపాటు. ఆ కాగితం పక్కన పెట్టి వారం దాటాక మళ్లీ చేయించాలి. రెండో వారం నుంచి మూత్రంలో కూడా పీసీఆర్ పనికొస్తుంది. రోగి రక్తంలోని యాంటీబాడీలు బాక్టీరియాను ముద్దకట్టిస్తాయా అని చూసే ప్రామాణిక పరీక్ష మాట్ (ఎంఏటీ). దానికి బతికున్న బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచాలి, రెండు వారాల తేడాతో రెండుసార్లు రక్తం కావాలి. అది రోగ నిర్ధారణను ఖాయం చేస్తుంది గానీ ఈ రాత్రి మందు వేయాలా అన్న ప్రశ్నకు జవాబు ఇవ్వదు. పాజిటివ్ వచ్చిన ఐజీఎం కూడా ఒక్కోసారి పాత జబ్బుదై ఉండవచ్చు, అది నెలల తరబడి రక్తంలో నిలుస్తుంది. అందుకే ఏ పరీక్షనైనా తేదీల కాగితం పక్కన పెట్టుకుని చదవాలి.

ఏడో అడుగు: ఫలితం కోసం ఆగకుండా మందు

నీళ్ల చరిత్ర, రోజుల లెక్క, లక్షణాలు సరిపోతే డాక్టర్ అనుమానం మీదే చికిత్స మొదలుపెట్టాలి. రక్తం తీసి ల్యాబ్‌కు పంపి, అదే గంటలో మందు ఇవ్వవచ్చు. తేలికపాటి జబ్బుకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు ఇస్తారు. స్క్రబ్ టైఫస్‌కు కూడా ఇదే మందు కాబట్టి రెండింటిలో ఏదో తేలనప్పుడు ఇది బాగా అక్కరకు వస్తుంది. గర్భిణులకు, చిన్న పిల్లలకు సాధారణంగా దీన్ని ఇవ్వరు, అజిత్రోమైసిన్ లాంటి వేరే మందు ఎంచుకుంటారు. తీవ్రమైన జబ్బులో ఆసుపత్రిలో ఉంచి రక్తనాళంలోకి సెఫ్ట్రియాక్సోన్ గానీ, ఆరు గంటలకొకసారి 15 లక్షల యూనిట్ల పెన్సిలిన్ గానీ ఇస్తారు. థాయిలాండ్‌లో జరిగిన పరీక్షల్లో ఈ రెండూ సమానంగా పనిచేశాయి.

మందు పడిన మొదటి కొన్ని గంటల్లో చలి, వణుకు, జ్వరం ఒక్కసారిగా పెరగవచ్చు. చచ్చిన బాక్టీరియా వల్ల వచ్చే స్పందన ఇది. మందు పడలేదనుకుని ఆపేయకండి, డాక్టర్‌కు చెప్పండి.

ఇంట్లో ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా ఈ మార్పులు కనిపిస్తే అర్ధరాత్రి అయినా అత్యవసర విభాగానికి వెళ్లాలి: కళ్లు పచ్చబడటం, మూత్రం బాగా తగ్గడం, ఆయాసం, దగ్గితే రక్తపు జీరలు, మత్తు లేదా తికమక, నిలబడితే కళ్లు తిరగడం. వీటిలో రక్తపు జీరలు అన్నింటికంటే భయంకరం. ఊపిరితిత్తుల్లో రక్తస్రావమైన వాళ్లలో సగం మందికి పైగా చనిపోవచ్చు. గంటలు కూడా లెక్కలోకి వస్తాయి.

తగ్గాక కొన్ని వారాలకో, నెలలకో కన్ను ఎర్రబడి, చూపు మసకబారితే కంటి డాక్టర్‌కు పాత జబ్బు గురించి చెప్పండి. కంటి లోపలి పొర వాపు ఈ జబ్బు వెనకాల ఆలస్యంగా వచ్చే సమస్య.

ఆఫ్రికా సరస్సుల నుంచి వచ్చినవాళ్లకు లెక్క వేరు

టాంజానియా, ఉగాండా, మలావి దేశాల్లో ఉద్యోగాలు, వ్యాపారాలు చేసే తెలుగువాళ్లు సెలవుల్లో విక్టోరియా సరస్సు, మలావి సరస్సు ఒడ్డుకు వెళుతుంటారు. అక్కడి నీళ్లలో నత్తల నుంచి బయటికి వచ్చే పరాన్నజీవి పిల్లలు నిమిషాల్లోనే చర్మంలో దూరతాయి. గాయం ఉండాల్సిన అవసరం కూడా లేదు. ఆ జబ్బు షిస్టోసోమియాసిస్. 1851లో కైరోలో థియోడర్ బిల్హార్జ్ ఈ పురుగును కనిపెట్టాడు కాబట్టి బిల్హార్జియా అని కూడా అంటారు. లావోస్, కంబోడియా దగ్గర మెకాంగ్ నదిలోని రకాన్ని కుక్కలు, పందులు కూడా మోస్తాయి, ఫిలిప్పీన్స్ రకాన్ని గేదెలు మోస్తాయి.

షిస్టోసోమియాసిస్‌లో జ్వరం నీళ్లలో దిగిన 2 నుంచి 8 వారాల తర్వాత వస్తుంది. దద్దుర్లు, పొడి దగ్గు, సీబీపీలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు బాగా పెరగడం దానితో పాటు ఉంటాయి. మన దగ్గర ఇసినోఫిల్స్ పెరిగితే ఎలర్జీ అని మాత్ర ఇచ్చి పంపడం మామూలు. మీరు సరస్సు పేరు చెప్పకపోతే అదే జరుగుతుంది. అసలు ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తర్వాత మూత్రంలో రక్తంతో బయటపడే వాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒంట్లో బాగానే ఉన్నా, ఆఖరుసారి నీళ్లలో దిగిన మూడు నెలలకు యాంటీబాడీ పరీక్ష, మల మూత్ర పరీక్షలు చేయించుకోండి. అంతకు ముందు చేస్తే నెగెటివ్ వచ్చి మోసం చేయవచ్చు. మందు ప్రాజిక్వాంటెల్. లేత పురుగుల మీద అది పనిచేయదు కాబట్టి తొందరపడి ముందే వేసుకుంటే మళ్లీ వేసుకోవాల్సి వస్తుంది.

మళ్లీ బయల్దేరే ముందు

రాఫ్టింగ్, అడవి ట్రెక్కింగ్ లాంటివి ఖాయంగా ఉంటే రెండు వారాల ముందే డాక్టర్‌తో మాట్లాడండి. డాక్సీసైక్లిన్ 200 మిల్లీగ్రాములు వారానికి ఒకసారి, నీళ్లలో దిగడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, ఆ ప్రమాదం ఉన్నన్నాళ్లు వేసుకోవడం ఒక పద్ధతి. పనామాలో శిక్షణ పొందిన అమెరికా సైనికుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 1984లో వచ్చాక ఇది వాడుకలోకి వచ్చింది. కేరళలో వరదల్లో పనిచేసిన వాళ్లకు ఇచ్చింది కూడా ఇదే. బీచ్‌లో, హోటల్ కొలనులో గడిపే సెలవుకు ఇది అవసరం లేదు. వేసుకునేవాళ్లు తిన్న తర్వాత, గ్లాసు నిండా నీళ్లతో, కూర్చునే మింగాలి, వెంటనే పడుకోకూడదు. లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. ఎండకు చర్మం త్వరగా కమిలిపోతుంది, నిండు చేతుల చొక్కా పెట్టుకోండి.

మాత్ర కంటే ముందు పాదాలు చూసుకోండి. మడమల పగుళ్లకు వారం ముందు నుంచే లేపనం రాయండి. గాయాలుంటే నీళ్లు చొరని ప్లాస్టర్ వేయండి, పెద్ద గాయమైతే ఆ రోజు ఒడ్డునే ఉండండి. వాగులో వట్టి కాళ్లతో నడవకండి. ఆ నీళ్లతో నోరు పుక్కిలించకండి, ముఖం కడగకండి. బయటికి వచ్చాక సబ్బుతో స్నానం చేయండి. ముందురోజు గట్టి వాన పడి, నీళ్లు ఎర్రగా, మట్టిగా పారుతుంటే దిగకండి. గైడ్ ఏమీ కాదన్నా సరే, టికెట్ డబ్బు పోయినా సరే.